ముందు రాత్రి భోజనం, తర్వాతే గది: ఫిల్మ్ సిటీకి, వండర్‌లాకి వెళ్ళే మన కోనసీమ కుటుంబాలకి

అమలాపురం గడియారస్తంభం సెంటర్‌కి దగ్గర్లో బస్సు, రైలు టికెట్లు తీసిపెట్టే చిన్న కొట్టు మాది. దసరాకైనా వేసవి సెలవులకైనా వారం పది రోజుల ముందు నుంచీ కౌంటర్ దగ్గర ఒకటే ప్రశ్న. "పిల్లల్ని ఫిల్మ్ సిటీకి తీసుకెళ్దామనుకుంటున్నామండి. ఎక్కడ దిగితే బాగుంటుందండి? లోపల తిండి ఎలా ఉంటుందండి? మా అమ్మకి పెరుగన్నం దొరుకుద్దాండి?" టికెట్ ప్రింటు వచ్చేలోగా చెప్పేసే జవాబు కాదిది. అందుకని హైదరాబాద్‌లో రామోజీ ఫిల్మ్ సిటీ, వండర్‌లా పార్కు చూడ్డానికి వెళ్ళేవాళ్ళకోసం ఒకచోట రాస్తున్నాను.

మొదటిసారి నేనూ తప్పుగానే వెళ్ళాను. మా బావమరిది ఇల్లు హైదరాబాద్ అటు చివర నిజాంపేటలో. "మనిల్లుండగా లాడ్జి ఏంటి బావా" అన్నాడు. తెల్లవారుజామున మా బస్సు ఫిల్మ్ సిటీ గేటు ముందు నుంచే పోయింది. పిల్లల్ని లేపి కిటికీలోంచి చూపించాను కూడా. ఆ గేటు దాటి, ఊరు మొత్తం దాటి, అటు చివరికెళ్ళి, స్నానాలు, టిఫిన్లు, పలకరింపులు అయ్యి, మళ్ళీ అదే గేటు దగ్గరికి వెనక్కొచ్చేసరికి పదకొండున్నర. సగం రోజు అక్కడే పోయింది. రాత్రి నిజాంపేట చేరేసరికి పదకొండు. చిన్నది కారులోనే నిద్రపోయింది. అమ్మ మంచినీళ్ళు తాగి పడుకుంది. చెల్లెమ్మ మాకోసం వండిన నాటుకోడి కూర పొయ్యి మీద మూత కూడా తియ్యకుండా ఉండిపోయింది.

అప్పట్నుంచి నా పద్ధతి మారింది. ముందు రాత్రి భోజనం ఎక్కడో తేలుస్తాను. దాన్నిబట్టి గది, గదినిబట్టి బస్సు. మా కొట్టుకొచ్చేవాళ్ళు దీన్ని సరిగ్గా తిరగేసి చేస్తారు. ముందు బస్సు, తర్వాత చవగ్గా వచ్చిన గది, తిండి సంగతి దిగాక చూసుకుందాంలే అని.

కావలసినవి

- ఇంట్లో ఎవరెవరు వస్తున్నారో, ఎవరు ఎంతసేపు నడవగలరో రాసిన కాగితం
- టైలర్ టేపు ఒకటి, పిల్లల ఎత్తు కొలవడానికి
- పెద్దవాళ్ళందరి ఆధార్ కార్డులు (ఒక్కరిదే పట్టుకెళ్ళి గది ఇవ్వలేదని గొడవపడినవాళ్ళున్నారు)
- ఫోన్లో మ్యాప్
- వండర్‌లా కూడా ఉంటే అందరికీ నైలాన్ బట్టలు, తువ్వాళ్ళు
- ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, పెద్దవాళ్ళ మందులు, చిన్న డబ్బాలో మాగాయ
- రాత్రి తొమ్మిదింటికి నాలుగు ఫోన్లు చేసే ఓపిక. ఇది లేకపోతే మిగతావన్నీ ఉన్నా లాభం లేదు.

1. ఏ పార్కో, ఎన్ని రోజులో తేల్చండి

రామోజీ ఫిల్మ్ సిటీ, వండర్‌లా ఒకే రకం కావు. ఫిల్మ్ సిటీలో ఎక్కువభాగం చూసేదే: సెట్టింగులు, షోలు, తోటలు, పక్షుల పార్కు, మధ్యమధ్యలో పిల్లల ఆటలు. ముసలివాళ్ళు కూడా వాళ్ళ బస్సులో కూర్చుని చాలావరకు చూడొచ్చు. వండర్‌లా ఒంటితో ఆడేది. రైడ్లు, నీళ్ళు. అక్కడ మోకాళ్ళ నొప్పులున్న తాతగారికి నీడ వెతుక్కుని కూర్చోవడం తప్ప పనుండదు.

వండర్‌లాలో పిల్లల టికెట్టు వయసుని బట్టి కాదు, ఎత్తుని బట్టి. పెద్ద రైడ్లు ఎక్కనివ్వడం కూడా ఎత్తుని బట్టే. ఇంట్లో గుమ్మానికి ఆనించి నిలబెట్టి, చెప్పులు తీయించి, తలమీద స్కేలు అడ్డంపెట్టి గీత గీసి కొలవండి. ఆ అంకెని వాళ్ళ వెబ్‌సైట్‌లో రైడ్ల పట్టికతో పోల్చి చూసి, ఏది ఎక్కొచ్చో ఏది ఎక్కకూడదో పిల్లలకి ఊళ్ళోనే చెప్పేయండి. క్యూలో గంట నిలబడ్డాక ఎత్తు కొలిచే కర్ర దగ్గర ఆపితే ఆ ఏడుపు ఆపడం మన తరం కాదు.

ఒక్క పార్కే అయితే ఒక పగలు, రెండు రాత్రులు. రెండూ చూడాలంటే మధ్యలో ఒక రోజు ఖాళీ ఉంచండి. వరుసగా రెండు రోజులు పెట్టుకున్నవాళ్ళలో రెండో రోజు ఉత్సాహంగా ఉన్నవాళ్ళని నేనింతవరకు చూళ్ళేదు.

2. గేటు ఎటువైపుందో మ్యాప్‌లో చూడండి

మన కోనసీమవాళ్ళకి ఇందులో ఒక లాభం ఉంది, ఎవరూ వాడుకోరు. మనం విజయవాడ హైవే మీదుగా వెళ్తాం. సూర్యాపేట, చౌటుప్పల్ దాటాక, హైదరాబాద్ ఇంకా రాకముందే, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఫిల్మ్ సిటీ గేటు వచ్చేస్తుంది. ఆ తర్వాతే పెద్ద అంబర్‌పేట, హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్.బి. నగర్. అంటే హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి ఊరి చివరున్న పార్కు, మనకి ఊరి మొదట్లో ఉంది.

వండర్‌లా రావిర్యాలలో, ఔటర్ రింగ్ రోడ్డు 13వ ఎగ్జిట్ దగ్గర. ఫిల్మ్ సిటీ నుంచి వస్తే ఔటర్ ఎక్కేది పెద్ద అంబర్‌పేట దగ్గర, అది 11వ ఎగ్జిట్. మధ్యలో బొంగ్లూరు ఒక్కటే. కాబట్టి రెండు పార్కులూ ఊరికి ఒకే పక్కనున్నాయి, ఈ పక్క ఒక్కచోట దిగితే రెండింటికీ సరిపోతుంది. ఔటర్ మెయిన్ రోడ్డు మీదికి ఆటోలని రానివ్వరు. క్యాబ్ గానీ సొంత కారు గానీ ఉండాలి, ఆటో అయితే సర్వీసు రోడ్డే గతి.

కిలోమీటర్లు లెక్కపెట్టకండి, గంటలు లెక్కపెట్టండి. పొద్దున్న తొమ్మిదికి గేటు దగ్గరుండాలంటే గదిలోంచి ఎన్నింటికి బయల్దేరాలి, అందరి స్నానాలు అవ్వాలంటే ఎన్నింటికి లేవాలి? ఇద్దరు పిల్లలు, ఇద్దరు ముసలివాళ్ళు, ఒక్క బాత్రూం ఉంటే గంటన్నర దానికే పోతుంది. మీ జవాబు అయిదున్నరకంటే ముందుకి వస్తే ఆ గది మీకు దూరం. అద్దె ఎంత తక్కువైనా దూరమే.

3. ఎక్కడ దిగాలి: మూడు దారులు

ఫిల్మ్ సిటీ లోపల. లోపల వాళ్ళ సొంత హోటళ్ళున్నాయి. సితార ఖరీదైనది, తార దానికంటే తక్కువ, శాంతినికేతన్ ఇంకా మామూలుది, సహారా పెద్ద గుంపులకి పనికొచ్చే డార్మిటరీ లాంటిది. గదీ, పార్కు టికెట్టూ కలిపి ప్యాకేజీలుగా అమ్ముతారు. ధర చూసి వెంటనే "అమ్మో" అనకండి, వెంటనే సరేననకండి. అందులో ఏమేం కలిసున్నాయో విడివిడిగా రాయించుకోండి: పార్కు టికెట్లు ఎన్ని రోజులకి, టిఫినొక్కటేనా రాత్రి భోజనం కూడానా, పిల్లలకి ఏ వయసుదాకా లెక్క లేదు, అదనపు మంచానికి ఎంత, పన్నులు కలిపా విడిగానా. ఆ తర్వాత బయట గది, క్యాబ్‌లు, టికెట్లు, రెండు పూటల భోజనం కలిపి ఇంకో లెక్క వెయ్యండి. నలుగురున్న కుటుంబానికి రెండు లెక్కల మధ్య తేడా అనుకున్నంత ఉండకపోవచ్చు. అమ్మమ్మ, తాతయ్య ఉంటే నేను లోపలే దిగమంటాను. అమ్మమ్మకి మధ్యాహ్నం నడుం వాల్చాలనిపిస్తే గది దగ్గర్లోనే ఉంటుంది. ఇబ్బంది ఒకటుంది: లోపలున్నంతసేపూ వాళ్ళ తిండే తినాలి, వాళ్ళ రేటే కట్టాలి. పక్కసందులో ఇడ్లీ బండి ఉండదు.

హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్.బి. నగర్. నా ఓటు ఎక్కువసార్లు దీనికే. మన జిల్లాలవాళ్ళు బాగా స్థిరపడిన ప్రాంతం, మెస్సులు, కర్రీ పాయింట్లు చాలా ఉంటాయి. కర్రీ పాయింట్లో కూర ఒక్కటే కాదు, వట్టి అన్నం కూడా పొట్లం కట్టి ఇస్తారు. పెరుగు ప్యాకెట్ పక్క కొట్లో దొరుకుతుంది. మాగాయ డబ్బా మీ సంచిలో ఉంది. అమ్మ భోజనం అయిపోయినట్టే. ఎల్.బి. నగర్ నుంచి ఫిల్మ్ సిటీ సుమారు 20 కిలోమీటర్లు, సిటీ బస్సులూ ఉన్నాయి. రైల్లో వచ్చేవాళ్ళకి కూడా ఇది నప్పుతుంది. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి దిగేది సికింద్రాబాద్‌లో అయినా ఎల్.బి. నగర్‌కి మెట్రోలో రావచ్చు. సామానెక్కువైతే మాత్రం క్యాబే మేలు, మెట్రోలో మెట్లు, స్కానర్లు, జనం.

ఈ ప్రాంతంలో ఒక జాగ్రత్త. "ఫిల్మ్ సిటీకి అయిదు నిమిషాలు" అని రాసుకున్న ఒక హోటల్‌కి నేను మా వదినగారి కుటుంబాన్ని పంపాను. అయిదు నిమిషాలన్నది నిజమే. కానీ అది హైవే పక్కన ఒంటరిగా ఉంది, చుట్టూ టైర్ల కొట్లు, లారీలు. కింద రెస్టారెంట్ బోర్డుంది గానీ రాత్రి ఎనిమిదిన్నరకే షట్టరు దించేశారట. పిల్లలు బిస్కట్లు తిని పడుకున్నారు. వదిన నాతో నెల్లాళ్ళు సరిగ్గా మాట్లాడలేదు, తప్పు నాదే. నేను మ్యాప్‌లో గేటుని చూశాను గానీ అన్నాన్ని చూళ్ళేదు.

చుట్టాలిల్లు. కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్. మనూళ్ళవాళ్ళు సగంమంది అక్కడే ఉంటారు. మియాపూర్ నుంచి ఎల్.బి. నగర్‌కి మెట్రో 29 కిలోమీటర్లు, ఎక్కి దిగేసరికి గంట. ఆపైన ఇంకో 20 కిలోమీటర్లు. రానూపోనూ వేసుకోండి. చుట్టాలింటికి వెళ్ళొద్దని నేననను, అలా అంటే మా ఆవిడే ఊరుకోదు. పార్కు రోజు ముందు రాత్రి, పార్కు రోజు రాత్రి మాత్రం అక్కడ వద్దంటున్నాను. పార్కు అయ్యాక మర్నాడు తీరిగ్గా వెళ్ళి రెండు రోజులుండండి. చుట్టాల ఇల్లు ఉప్పల్, నాగోల్, దిల్‌సుఖ్‌నగర్ వైపుంటే ఈ మాట వర్తించదు, హాయిగా అక్కడే దిగండి.

4. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చెయ్యండి

నచ్చిన హోటళ్ళు మూడో నాలుగో ఎంచుకున్నాక, యాప్‌లో డబ్బు కట్టే ముందు, రిసెప్షన్‌కి నేరుగా ఫోన్ చెయ్యండి. పగలు చేస్తే అన్నీ ఉన్నాయనే చెప్తారు. రాత్రి తొమ్మిది దాటాక చేస్తే నిజం తెలుస్తుంది. అడిగే తీరు కూడా ముఖ్యం. "ఫుడ్ ఉంటుందా?" అంటే "ఉంటది సార్" అంటారు. ఇలా అడగండి:

"ఇప్పుడు నేను మీ దగ్గరే ఉన్నాననుకోండి, తినడానికి ఏముంది?"

అన్నం, పప్పు, పెరుగు అంటే మంచిదే. "ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టుకోండి" అంటే అక్కడ వంట లేదని. ఫ్రైడ్ రైస్, నూడుల్స్ అంటే పిల్లలకి పర్లేదు, అమ్మకి కాదు. ఫోనే ఎత్తకపోతే అదీ ఒక జవాబే.

అదే ఫోన్లో ఇంకొన్ని: లిఫ్టు పనిచేస్తోందా, గది ఎన్నో అంతస్తు, బాత్రూంలో కమోడ్ ఏ రకం, వేణ్ణీళ్ళు ఎన్నింటినుంచి ఎన్నింటిదాకా, పొద్దున్న టిఫిన్ ఎన్నింటికి మొదలు. చాలా హోటళ్ళలో ఉచిత టిఫిన్ ఎనిమిదికి గానీ మొదలవ్వదు. మీరు ఎనిమిదికల్లా కారులో ఉండాలి. ఆ టిఫిన్ ఉందని అద్దె ఎక్కువ కట్టడం దండగ.

రివ్యూల్లో ఆఖరి రెండు నెలలవి చదవండి, అదీ తక్కువ స్టార్లవి. "రూమ్ నీట్" అన్న మాట దాటేసి, "నీళ్ళు", "వాసన", "రాత్రి", "గోల" అన్న మాటల కోసం వెతకండి. ఫొటోల్లో హోటల్ వాళ్ళు పెట్టినవి కాక, దిగినవాళ్ళు తీసిన బాత్రూం ఫొటో ఒక్కటి దొరికినా చాలు.

5. బస్సు టైముని చెక్-ఇన్‌తో కలపండి

మా కౌంటర్‌లో రోజూ కనపడే పొరపాటు ఇది. రాత్రి బస్సు తెల్లారి నాలుగున్నర, అయిదుకి దింపుతుంది. గది పన్నెండింటికి ఇస్తారు. మధ్యలో ఏడు గంటలు పిల్లలతో, సామానుతో లాబీలో కూర్చోవాలి.

దీనికి మూడు మందులు. ఒకటి, పగటిపూట ప్రయాణం. సొంత కారైతే పొద్దున్న ఆరింటికి అమలాపురంలో బయల్దేరి, రావులపాలెం, తణుకు, ఏలూరు, విజయవాడ మీదుగా సాయంత్రానికి చేరిపోతారు. రాజోలు వైపువాళ్ళు చించినాడ వంతెన దాటి పాలకొల్లు, భీమవరం మీదుగా. భోంచేసి, నిద్రపోయి, మర్నాడు తాజాగా పార్కుకి. నాకు ఇదే ఇష్టం. రెండు, రాత్రి బస్సే కావాలంటే, ముందు రోజు నుంచే గది తీసుకుని "తెల్లవారుజామున వస్తాం, గది వేరేవాళ్ళకి ఇవ్వకండి" అని ఫోన్ చేసి చెప్పడం. ఒక రాత్రి అద్దె అదనం. మూడు, ఇరవైనాలుగు గంటల చెక్-ఇన్ ఉన్న లాడ్జి. ఎన్నింటికి దిగితే మర్నాడు అన్నింటిదాకా గది మీదే.

బస్సు దిగి నేరుగా పార్కుకి వెళ్ళిపోదాం, గది అక్కర్లేదు అనే కుర్రాళ్ళుంటారు. కుర్రాళ్ళయితే కానివ్వండి. అయిదేళ్ళ పిల్ల ఉన్న ఇంటికి అది పనికిరాదు.

హెచ్చరిక: సంక్రాంతి. కనుమ, ముక్కనుమ అయ్యాక మనవైపు నుంచి హైదరాబాద్ వెళ్ళే దారి కార్లతో నిండిపోతుంది. పండక్కొచ్చినవాళ్ళందరూ ఒకేసారి వెనక్కి వెళ్తారు. కొర్లపహాడ్, పంతంగి టోల్ గేట్ల దగ్గర ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ మూడు నాలుగు రోజులు వదిలెయ్యండి. పండగకి ముందు రోజుల్లో మనవైపు నుంచి వెళ్ళేదారి ఖాళీగానే ఉంటుంది, కానీ భోగికి, కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఊళ్ళో లేకుండా పోయేవాళ్ళెవరండీ.

6. దారిలో తిండి

చింతపండు పులిహోర చెయ్యండి. అన్నం పళ్ళెంలో పరిచి పూర్తిగా చల్లారాకే పులుసు కలపండి. వేడివేడిగా డబ్బాలో పెడితే మూతకి ఆవిరి పట్టి, ఆ నీళ్ళు దిగి, ఏలూరు దాటేసరికి జిగురొస్తుంది. దద్దోజనం వద్దు, పులుస్తుంది. కొబ్బరి పచ్చడి అసలొద్దు. కొబ్బరి మనింటి పంటే గానీ పచ్చడి మధ్యాహ్నానికే వాసనేస్తుంది. జంతికలు, సున్నుండలు ఎన్నయినా పెట్టుకోండి. అరటిపళ్ళు రావులపాలెంలో కొనుక్కుంటే కాస్త గట్టిగా ఉన్న కర్పూరాలు తీసుకోండి, చక్కెరకేళి సంచిలో నలిగిపోతుంది.

ప్రైవేటు బస్సు భోజనానికి ఎక్కడ ఆపితే అక్కడే తినాలి. అది మీ చేతుల్లో లేదు, అందుకే పులిహోర.

7. పార్కు రోజు ఎప్పుడు, ఏం తినాలి

బయటి తిండి రెండు పార్కుల్లోనూ లోపలికి రానివ్వరు, గేటు దగ్గర సంచులు చూస్తారు. పసిపిల్లల ఆహారం, మందులు విడిగా ఒక సంచిలో పెట్టి ముందే చూపించండి. కాబట్టి మధ్యాహ్న భోజనం లోపలే. ఫిల్మ్ సిటీలో హైవే మీది గేటు నుంచి లోపలికి వాళ్ళ బస్సులోనే వెళ్ళాలి, కాబట్టి "మధ్యాహ్నం బయటికొచ్చి తినేసి మళ్ళీ వెళ్దాం" అన్నది కుదిరే పని కాదు.

పొద్దున్న టిఫిన్ గట్టిగా కానివ్వండి, అయితే నూనె లేకుండా. ఇడ్లీ, ఉప్మా. పూరీ వద్దు. వండర్‌లా రోజయితే మరీ వద్దు. వండర్‌లా మామూలు రోజుల్లో తెరిచేది పదకొండింటికి, కాబట్టి అక్కడికి తొందరపడక్కర్లేదు. తొమ్మిదిన్నరకి తిని వెళ్ళొచ్చు. ఫిల్మ్ సిటీ తొమ్మిదికే మొదలవుతుంది కాబట్టి ఏడున్నరకల్లా తినెయ్యాలి. తెరిచే, మూసే టైములు సీజన్‌ని బట్టి మారుతుంటాయి, టికెట్ తీసేరోజు వాళ్ళ వెబ్‌సైట్‌లో చూడండి.

మధ్యాహ్నం ఒంటిగంటకి లోపలి హోటళ్ళన్నీ కిక్కిరిసిపోతాయి. పన్నెండుంపావుకే కూర్చోండి. లేదా రెండున్నరకి. పిల్లలుంటే ముందుది, పెద్దవాళ్ళే అయితే తర్వాతది. నేను ఒకసారి సరిగ్గా ఒంటిగంటకి చేతిలో ట్రే పట్టుకుని, తింటున్నవాళ్ళ కుర్చీ వెనకాల నిలబడ్డాను. పెళ్ళి బంతిలో రెండో వరసకి నిలబడ్డట్టు. ఆ కుర్చీలో ఆయన ఐస్‌క్రీమ్ తినడం ఎంతకీ అవ్వదు.

బిర్యానీ సంగతి. హైదరాబాద్ వెళ్ళి బిర్యానీ తినకుండా వచ్చేదెవరు, తినండి, రాత్రికి తినండి. మధ్యాహ్నం బిర్యానీ తిని గిరగిర తిరిగే రైడ్ ఎక్కితే ఏమవుద్దో మా మేనల్లుడు కొత్త చొక్కా మీద చూపించాడు. పెద్ద రైడ్లన్నీ భోజనానికి ముందు కానిచ్చుకోండి. తిన్నాక గంటసేపు నీడలో జరిగే షో ఏదైనా చూడండి. నీళ్ళ ఆటలు దాని తర్వాత. నీళ్ళ రైడ్లకి నైలాన్ బట్టలే ఉండాలి, నూలు చొక్కాలు, చీరలు, లుంగీలతో దిగనివ్వరు. లోపల అమ్ముతారు గానీ మీ దగ్గరుంటే ఆ ఖర్చెందుకు?

నీళ్ళలోంచి బయటికొచ్చాక పిల్లలకి ఒక్కసారిగా ఆకలేస్తుంది. ఆ ఆకలికి చిప్స్ పెట్టేస్తారు చాలామంది, దాంతో రాత్రి అన్నం తినరు. అప్పుడు పెట్టాల్సింది కాస్త గట్టి తిండి. ఇడ్లీయో దోసెయో దొరికితే మంచిది, లేకపోతే ఒక శాండ్‌విచ్.

మూడింటికి ఒక పరీక్ష చెయ్యండి. చిన్నపిల్ల పొద్దున్నుంచి ఎన్నిసార్లు పాస్‌కి వెళ్ళిందో అడగండి. ఒక్కసారే అంటే నీళ్ళు చాలట్లేదన్నమాట. ఉన్నచోటే కూర్చోబెట్టి ఓ.ఆర్.ఎస్. తాగించండి, తర్వాతే మిగతా ఆట. ఏప్రిల్, మే నెలల్లో ఈ పరీక్ష పన్నెండింటికే చెయ్యాలి. అక్కడి ఎండ మన ఎండలా చెమట పట్టించదు, పొడిగా కాలుస్తుంది. మనకి చెమట పట్టకపోతే ఎండ లేదనుకునే అలవాటు.

పార్కుకి రానన్న పెద్దవాళ్ళుంటే ఫిల్మ్ సిటీకి దగ్గర్లోనే సంఘీ నగర్ గుట్ట మీద వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. క్యాబ్‌లో వెళ్ళి దర్శనం చేసుకుని గదికొచ్చేయొచ్చు. మెట్లెక్కగలరో లేదో ముందే అడగండి.

8. తిరుగు బస్సు: ఎక్కే చోటు మార్చుకోండి

పార్కు అయిన రాత్రే తిరిగి రావాలంటే బస్సు ఎక్కే చోటు కూకట్‌పల్లి పెట్టుకోకండి. అదే బస్సు ఊరంతా తిరిగి ఎల్.బి. నగర్ మీదుగానే మనవైపు వస్తుంది. బుక్ చేసేటప్పుడు ఎక్కే చోట్ల జాబితా కిందికి లాగితే ఎల్.బి. నగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ కనపడతాయి. అక్కడ పెట్టుకుంటే మీకు గంటన్నరో రెండు గంటలో కలిసొస్తాయి. ఆ టైములో స్నానం చేసి అన్నం తినొచ్చు. సామాను హోటల్ క్లోక్‌రూంలో పెడతామని పొద్దున్నే చెప్పి, స్నానానికి ఒక గది గంటసేపు ఇస్తారేమో అడగండి. చాలాచోట్ల కొంత తీసుకుని ఇస్తారు.

ఫిల్మ్ సిటీలో పండగ సీజన్ కార్నివాల్ ఉన్న రోజుల్లో లైట్లు, ఊరేగింపు రాత్రిదాకా సాగుతాయి. ఆ రోజు తిరుగు బస్సు పెట్టుకోకండి. సగంలో లేచి రావాల్సొస్తుంది, లేదా బస్సు పోతుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

రెండు రాత్రులకీ ముందే డబ్బు కట్టేయడం. మొదటి రాత్రికే కట్టండి, లేదా రద్దు చేస్తే డబ్బు వెనక్కొచ్చేది తీసుకోండి. మొదటి రాత్రి బాలేకపోతే రెండో రాత్రికి మారిపోవచ్చు.

సామాను లోపల పెట్టేశాక గది చూడడం. ముందు ఒకరు పైకెళ్ళి కుళాయి తిప్పి, గీజర్ వేసి, ఫ్లష్ నొక్కి, దుప్పటి ఎత్తి చూసి రావాలి. మిగతావాళ్ళు కిందే ఉండాలి. ఒకసారి సంచులు విప్పాక గది మార్చమనడానికి మనకే మొహమాటం.

పదిమంది కలిసి వెళ్ళేటప్పుడు అందరికీ ఒకే హోటల్ అని పట్టుపట్టడం. ముసలివాళ్ళున్న కుటుంబం లోపల, కుర్రాళ్ళు బయట దిగినా కొంప మునగదు.

పిల్లలు అడిగారని పార్కులో మొదటి గంటలోనే ఐస్‌క్రీమ్, పాప్‌కార్న్. ఇందులో నేనేం చెప్పినా మీరు వినరు, నేనూ వినను.

సరిగ్గా ఎంచుకున్నారో లేదో ఎలా తెలుస్తుంది

మొదటి రాత్రి పదింటికి చూడండి. అందరూ అన్నం తిన్నారా? గదిలోంచి రెండుసార్లకంటే ఎక్కువ బయటికి పరిగెత్తాల్సొచ్చిందా? అమ్మ "నాకేం వద్దులే" అందా? ఆ చివరి మాట వినపడిందంటే భోజనం కుదరలేదని అర్థం. మన పెద్దవాళ్ళు ఆకలేస్తోందని చెప్పరు, వద్దులే అంటారు. వెంటనే కిందికెళ్ళి పెరుగు, అన్నం తెచ్చి మాగాయ డబ్బా విప్పండి, రెండో రాత్రికి వేరే చోటు వెతకండి.

పార్కు రోజు పొద్దున్న గేటు దగ్గర టైము చూడండి. అనుకున్నదానికంటే అరగంట దాటిందంటే మర్నాటి లెక్కకి ఆ అరగంట కలపండి.

ఇక చుట్టాల మాట. ఊరొచ్చి లాడ్జిలో దిగారని తెలిస్తే నొచ్చుకుంటారు, మా బావమరిదీ నొచ్చుకున్నాడు. అందుకని ఇప్పుడు బయల్దేరే ముందే ఫోన్ చేసి "పార్కు రోజు మీరే ఇటు రండి, అందరం కలిసి వెళ్దాం, మర్నాడు మీ ఇంటికే" అంటాను. పోయిన దసరాకి వాళ్ళు ముందు రాత్రే పిల్లల్ని తీసుకుని వనస్థలిపురం వచ్చి మా పక్కగదిలో దిగారు. ఆత్రేయపురం పూతరేకులు రెండు పెట్టెలు పట్టుకెళ్ళండి. బస్సు డిక్కీలో మాత్రం వెయ్యకండి, దిగేసరికి పొడి అయిపోతాయి. ఒళ్ళో పెట్టుకోవాలి.